గేజి లేని ఇంజను

ముప్పయ్యొక్క ఏళ్ళు బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి, ఇంట్లో టీ గిన్నె మీద మూత టకటకలాడినా చెయ్యి ఊరుకోదు. గేజి బాబాయి ముందు గదిలో కుక్కర్లు, నీళ్ళ పంపులు బాగుచేసుకుంటూ ఉండేవాడు కానీ, వంటింట్లోంచి ఆ చప్పుడు వినపడగానే రెంచీ కింద పెట్టి లేచి వెళ్ళి మంట తగ్గించి వచ్చేవాడు.

"మీ డ్యూటీ అయిపోయి తొమ్మిదేళ్ళయింది. నా పొయ్యి జోలికి రాకండి" అని భార్య కసిరేది.

ఆ పేరు అద్దకం ఫ్యాక్టరీలో వచ్చింది. బాయిలర్‌లో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపించే నిలువు గాజు గొట్టాన్ని అక్కడ గేజి అనేవాళ్ళు. నీళ్ళు తగ్గిపోయినా మంట మండుతూనే ఉంటే లోపలి గొట్టాలు కాలి పగిలిపోతాయి. అందుకని అతను ఎవరితో మాట్లాడుతున్నా ఒక కన్ను గేజి మీదే ఉండేది. "బాబాయి పెళ్ళి ఫోటోలో కూడా పక్కచూపులు చూస్తున్నాడురా, ఆ గోడకి గేజి ఉండుంటుంది" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. అలాంటి మనిషిని గేజి చూడలేదన్న నింద మీద ఇంటికి పంపారు.

జరిగింది ఇది. ఆ గేజి అడుగున సున్నం పేరుకుని దారి మూసుకుపోయింది. బాయిలర్‌లో నీళ్ళు తగ్గినా గాజులో మాత్రం సగానికి ఉన్నట్టే కనపడేది. మూడు వారాల్లో ఐదుసార్లు లాగ్ బుక్కులో రాశాడు. రెండుసార్లు చీఫ్ ఇంజనీరు గదికి వెళ్ళి, ఒక్కరోజు బాయిలర్ ఆపితే విప్పి శుభ్రం చేస్తానని బతిమాలాడు. "ఈ ఆర్డరు సరుకు పోనీవయ్యా, తర్వాత నువ్వు చెప్పినట్టే ఆపుదాం" అన్నాడు చీఫ్ ఇంజనీరు. సరుకు ఇంకా పోనేలేదు, ఒక గురువారం మధ్యాహ్నం గొట్టం పగిలింది. ఆ క్షణాన కొలిమి తలుపు దగ్గర ఉన్నది బాబాయి కాదు. అదే షిఫ్టులో రెండో మనిషిగా పనిచేసే అతని సొంత బావమరిది. ఆవిరి అతని కుడి చేతినీ, సగం ముఖాన్నీ ఉడికించేసింది. కుడి కన్ను పోయింది.

విచారణ మొదలయ్యేసరికి లాగ్ బుక్కులో ఆ మూడు వారాల కాగితాలు లేవు. చీఫ్ ఇంజనీరు బాబాయిని గదిలోకి పిలిచి, టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. 'నీటిమట్టం గమనించకుండా ఇద్దరూ కబుర్లలో పడటం వల్ల' అని ఉంది అందులో.

"సంతకం పెట్టి గౌరవంగా రిటైరైపో. లేదంటే కేసవుతుంది, జైలవుతుంది. చదువుకునే ఆడపిల్ల ఉంది కదా నీకు, ఆలోచించుకో."

ఆలోచించుకోలేదు. పెట్టేశాడు. చెయ్యి కనీసం వణకను కూడా లేదన్న సంగతి తర్వాత తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

'ఇద్దరూ' అన్న ఆ ఒక్క మాట బావమరిది ఉద్యోగం కూడా ఊడగొట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అతని పేరు హాజరు పట్టీలో లేదు. ఎందుకని అడగడానికి వెళితే, బావ సంతకమున్న కాగితాన్ని చూపించారు. ఆ రోజు నుంచి అతను అక్క గడప తొక్కలేదు. అక్కే వెళ్ళి చూసి వచ్చేది. వచ్చాక ఏమీ చెప్పేది కాదు. మొగుడికి వండిపెట్టేది, బట్టలు ఉతికిపెట్టేది, అవసరమైనంతవరకు మాట్లాడేది. అవసరమైనవి ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి.

ఇలా ఉండగా ఒకనాడు కుక్కర్ రబ్బర్ల కోసం సామాన్ల వీధికి వెళ్ళిన బాబాయి, ఒక ఇరుకు కొట్టు అద్దాల ముందు కాళ్ళకు మేకులు కొట్టినట్టు నిలబడిపోయాడు. లోపల జానెడు పొడవున్న రైలింజను ఉంది. కరెంటు బొమ్మ కాదు. పొగగొట్టం పక్కన సేఫ్టీ వాల్వు ఉంది, సిలిండర్లకి సన్నటి రాగి గొట్టాలు ఉన్నాయి.

"నిజంగా ఆవిరితోనే నడుస్తుందా?" అని అడిగాడు.

"నీళ్ళు పోసి మంట పెడితే నడుస్తుందండీ. పెట్టకపోతే అల్మారాలో ఉంటుంది. నా దగ్గర కొన్నవాళ్ళలో సగంమందివి అల్మారాలోనే ఉన్నాయి" అన్నాడు కొట్టు ముసలాయన.

బాబాయి ఆ పూట రబ్బర్లు మర్చిపోయి ఇంటికి వచ్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఎవరిదో బాయిలర్‌ని కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కాశాడు. గుప్పెడంతదైనా సరే, తనదంటూ ఒకటి ఉండాలనిపించింది. ఈ కోరిక పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడి, "మనవడికి" అని అబద్ధమాడాడు. మనవడు లేడు.

అతని చేతికందే ధరలో కొట్టులో ఉన్నవి మూడే. మొదటిది ఎవరో వాడి అమ్మేసినది. చూడటానికి రాజాలా ఉంది, నల్లటి ఒంటి మీద ఇత్తడి పట్టీలు మెరుస్తున్నాయి. బాబాయి దాన్ని తిరగేసి, బాయిలర్ అడుగున వేలితో తడిమాడు. ఒకచోట రాగి కాస్త ఉబ్బి ఉంది, అతుకు పక్కన పచ్చటి మరక ఉంది.

"దీన్ని నీళ్ళు లేకుండా కాల్చారండీ" అన్నాడు.

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని అతని వంక కొత్తగా చూశాడు. మనవడి సంగతి ఇక ఎత్తలేదు.

రెండోది విడిభాగాల పెట్టె. ధర తక్కువే కానీ బిగించుకోవడానికి కావలసిన పనిముట్లు కొనాలంటే ఇంకో ఇంజను వచ్చేలా ఉంది. మూడోది అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టు ఉంది. రెండు సిలిండర్లు, అవి కూడా స్థిరంగా ఉండకుండా అటూ ఇటూ ఊగుతూ ఆవిరిని తీసుకుని వదిలే మోటు రకం. వెనక లైటర్లలో నింపే గ్యాసు పట్టే చిన్న డబ్బా. అంతే. బాబాయి దాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"దీనికి గేజి ఏదండీ?"

"ఉండదు. అక్కర్లేదు. డబ్బా నిండా నింపిన గ్యాసు, నీళ్ళకంటే ముందే అయిపోతుంది. ఆ కొలతతోనే చేశారు. మళ్ళీ గ్యాసు నింపేముందు నీళ్ళు నింపారనుకోండి, ఇక మీరు చూసినా చూడకపోయినా దానికి ఏం కాదు."

మనిషి చూడకపోయినా ఏమీ కాని బాయిలర్. అది ప్రపంచంలో ఉందని అతనికి తెలియదు. ఇంజనును బల్ల మీద పెట్టి, కాసేపు దాని వంక చూస్తూ నిలబడ్డాడు.

"మొదటిసారి కొనేవాళ్ళు అందాన్ని చూసి పడిపోతారండీ" అన్నాడు ముసలాయన మెల్లగా. "ముందు ఆవిరి పుట్టించేదాన్ని కొనుక్కోండి. అందమైనది తర్వాత కొనుక్కోవచ్చు."

దాన్నే కొన్నాడు. గుండ్రంగా బిగించుకునే పట్టాలు, మూడు ఖాళీ పెట్టెలు కూడా తీసుకున్నాడు.

ఇంట్లో పొట్లం విప్పేసరికి భార్య గుమ్మంలో నిలబడి చూసింది. ఇల్లు తగలబెడతారా అంటుందనుకున్నాడు. ఆమె ఆ రాగి గొట్టాలను చూసి, "మళ్ళీ బాయిలరా?" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే డాబా మీద పలకలు సమంగా పరిచి పట్టాలు బిగించాడు. బ్యాటరీల్లో పోసే నీళ్ళు సిరంజితో కొలిచి బాయిలర్‌లో పోశాడు. కుళాయి నీళ్ళు పోస్తే సున్నం పడుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సిలిండర్లకు వెళ్ళే ఆవిరిలో కలిసే చిక్కటి నూనె దాని బుడ్డిలో నింపాడు. గ్యాసు పట్టి, కాసేపు ఆగి, పొగగొట్టం దగ్గర అగ్గిపుల్ల చూపించాడు. టప్పుమని మంట లోపలికి దూకింది. ఐదారు నిమిషాలు గడిచాయి. బాయిలర్ లోపల సన్నగా కూనిరాగం మొదలైంది. ఆ చప్పుడు తొమ్మిదేళ్ళుగా వినలేదు. సేఫ్టీ వాల్వు చిన్నగా ఉమ్మింది.

ఆవిరి తెరిచి ముందుకు తోశాడు. సిలిండర్లలో చేరిన నీళ్ళూ నూనే కలిసి అతని చొక్కా మీద చిమ్మాయి. రెండోసారి తోశాడు, మూడోసారి తోశాడు. నాలుగోసారి అది చేతిలోంచి జారిపోయింది. లాగడానికి బరువేమీ లేదు కదా, తోక తొక్కిన పిల్లిలా దౌడు తీసి, రెండో మలుపులో పట్టాలు వదిలి, డాబా మీద పడి, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ పిట్టగోడ దాకా వెళ్ళింది. బాబాయి లుంగీ ఎగ్గట్టుకుని వెంటపడి, వేడి చూసుకోకుండా పట్టుకుని, "అబ్బా!" అని వదిలేసి, మళ్ళీ తువ్వాలుతో పట్టుకున్నాడు.

వెనక నవ్వు వినపడింది. బట్టలు ఆరేయడానికి వచ్చిన భార్య, తడి దుప్పటి గుండెలకి హత్తుకుని పకపకా నవ్వుతోంది. అతనూ నవ్వాడు. ఒక్క నిమిషం ఇద్దరూ నవ్వారు. అంతలో ఆమె కళ్ళు కాలిన అతని వేళ్ళ మీద పడ్డాయి. ఎర్రగా కమిలిన ఆ చర్మాన్ని చూసి నవ్వు ఆపేసింది. దుప్పటి ఆరేసి, క్లిప్పులు పెట్టి కిందికి దిగిపోయింది.

పాత నట్లూ బోల్టులూ మూడు పెట్టెల్లో నింపి తగిలించాక ఇంజను దారికి వచ్చింది. చుక్‌చుక్‌మని నింపాదిగా తిరిగింది. పద్దెనిమిది నిమిషాలకు మంట దానంతట అదే ఆరింది. చల్లారాక మూత తీసి, మిగిలిన నీళ్ళను సిరంజితో లాగి చూశాడు. ముసలాయన చెప్పింది నిజమే. లోపల ఇంకా నీళ్ళు ఉన్నాయి.

ఆ ముసలాయనే ఆదివారాల సంగతి చెప్పాడు. పార్కులో ఒక మూల, ఇలాంటి ఇంజన్లున్నవాళ్ళు పొడవాటి పట్టాలు వేసుకుని నడుపుకుంటారట. బాబాయి ఇంజనును అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు. వాళ్ళ సంఘానికి సెక్రటరీ ఒక పళ్ళ డాక్టరు, మంచి మాటకారి. "రండి రండి, అనుభవమున్న మనిషి మాకు వరం" అన్నాడు. "ప్రెసిడెంటు గారు మీ బాయిలర్‌ని పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. అది మా రూలు, అంతే."

ప్రెసిడెంటు టోపీ సర్దుకుంటూ వచ్చాడు. జుట్టు తెల్లబడింది కానీ నడక అదే. చీఫ్ ఇంజనీరు.

"ఓహో, నువ్వా!" అన్నాడు ఆప్యాయంగా, భుజం తట్టి. "ఈసారైనా నీళ్ళు చూసుకుంటావు కదయ్యా?"

చుట్టూ ఉన్నవాళ్ళు మామూలు వేళాకోళమనుకుని నవ్వారు. బాబాయి కూడా నవ్వినట్టు పెదాలు కదిపాడు. తల కొట్టేసినట్టయింది. పెట్టె మూసుకుని అప్పుడే వచ్చేసి ఉండాల్సింది. రాలేదు. బాయిలర్‌లోకి చన్నీళ్ళు ఎక్కించి, ఒత్తిడి పెంచి, ఎక్కడా చెమ్మ లేదని చూసి, ఆ మనిషి సంతకం పెట్టిచ్చిన సర్టిఫికెట్‌ను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం వెళ్ళాడు. అగ్గిపెట్టె ఇంజను ఎన్నడూ మొరాయించలేదు. ఖరీదైన ఇంజన్లవాళ్ళే వచ్చి, బాబాయిగారూ ఇది ఎందుకు ఉమ్ముతోంది, అది ఎందుకు ఈడుస్తోంది అని అడిగేవాళ్ళు. ఇంటికి వచ్చి ఆ ముచ్చట్లు చెప్పేవాడు. ప్రెసిడెంటు ఎవరో మాత్రం భార్యకి చెప్పలేదు.

ఒక ఆదివారం చూడటానికి చాలామంది వచ్చారు. ప్రెసిడెంటు తన బొగ్గు ఇంజనును దింపాడు. మూరెడు పొడవు, అసలు రైలుకి ఉన్నవన్నీ దానికీ ఉన్నాయి, అగ్గిపుల్లంత గేజి కూడా. ఇది గ్యాసు అయిపోతే ఆగే రకం కాదు. బొగ్గు మండినంతసేపూ నీళ్ళు పంపు కొట్టి ఎక్కిస్తూ ఉండాలి. ఆయన పంపు మీద చెయ్యి వదిలేసి, వచ్చినవాళ్ళకి ఆవిరి చరిత్ర చెబుతున్నాడు. ఇంజను తన ముందునుంచి రెండోసారి వెళ్ళేటప్పుడు బాబాయి చూపు అలవాటుగా గేజి మీద పడింది. నిండా నీళ్ళున్న గాజూ, చుక్కలేని గాజూ తెలియనివాళ్ళకి ఒకేలా కనపడతాయి. అతనికి అలా కనపడవు.

"సార్, నీళ్ళు లేవు. నిప్పు తీసెయ్యండి."

"నిండుగా ఉందయ్యా" అన్నాడు ప్రెసిడెంటు, వెనక్కి తిరక్కుండానే.

"ఖాళీగా ఉంది సార్. పంపు కూడా కొట్టకండి, కాలిన రాగి మీద చన్నీళ్ళు పడితే ప్రమాదం. నిప్పు లాగెయ్యండి."

"నువ్వా నాకు చెప్పేది?"

మూడోసారి బాబాయి నోటితో చెప్పలేదు. ఇంజను మళ్ళీ ఎదురుగా రాగానే వంగి, నిప్పు కిందికి లాగడానికి చెయ్యి పెట్టబోయాడు. ప్రెసిడెంటు ఆ చేతిని తోసేశాడు. "ముట్టుకోకు!" జనం నవ్వారు. ఇంజను ఇంకో అర చుట్టు వెళ్ళి, లోపల ఏదో చిట్లినట్టు చప్పుడై, బుస్సుమని బూడిద చిమ్మి ఆగిపోయింది. అదృష్టం, దగ్గర ఎవరూ లేరు.

చల్లారాక ప్రెసిడెంటు దాన్ని పరిశీలనగా చూసి, చేతులు దులుపుకుని, "తయారీలోనే లోపం. అతుకు సరిగ్గా వెయ్యలేదు వెధవలు" అన్నాడు. పళ్ళ డాక్టరు తలూపాడు. అందరూ తలూపారు. తను చెప్పిన మాట విన్నవాళ్ళు ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని బాబాయి చుట్టూ చూశాడు. పళ్ళ డాక్టరు వంగి, పట్టాలు ఎక్కడైనా వంగాయేమోనని వెతుకుతున్నాడు.

బుధవారం నాడు చీఫ్ ఇంజనీరు ఇంటికే వచ్చాడు. చంకలో తువ్వాలులో చుట్టిన బాయిలర్. తలుపు తీసిన భార్య అతన్ని గుర్తుపట్టింది. కుర్చీ చూపించలేదు. పక్కకి తప్పుకుని, ముందు గది గోడకి ఆనుకుని నిలబడింది.

"నీ చేతి అతుకు బాగుంటుందని అందరూ అంటున్నారు. దీన్ని కాస్త చూసిపెట్టు."

బాబాయి తువ్వాలు విప్పాడు. కొలిమి పైకప్పు నీలంగా కాలి ఉంది. అతుకు కరిగి మూలకి జారింది.

"చేస్తాను సార్. ఒక కాయితం రాసివ్వండి. నీళ్ళు అయిపోయినా చూసుకోలేదు, చెప్పినా వినలేదు అని. కింద సంతకం పెట్టండి. ఎవరికీ చూపించను."

చీఫ్ ఇంజనీరు నవ్వాడు. "బొమ్మకి రిపోర్టా?"

"బొమ్మకే సార్. మనిషికి అడగట్లేదు."

నవ్వు పోయింది. ఆయన గోడ దగ్గరున్న భార్యవైపు ఒకసారి చూసి, బాయిలర్‌ని మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "నువ్వు నమ్మవు గానీ, ఆ రోజు నిన్ను జైలుకి పోకుండా కాపాడింది నేనే. పైవాళ్ళు ఇద్దర్నీ లోపలేయించమన్నారు. ఆ విశ్వాసం కూడా లేదు నీకు." ఆ గొంతులో నటనేమీ లేదు. ఆ మనిషి అలాగే నమ్ముతున్నాడని బాబాయికి అర్థమైంది. కోపం తెచ్చుకుందామంటే అది కూడా సరిగ్గా రాలేదు.

తర్వాతి ఆదివారం పళ్ళ డాక్టరు నీళ్ళు నమిలాడు. "ఏమీ అనుకోకండి బాబాయిగారూ. మొన్నటి ప్రమాదం తర్వాత కమిటీ కొత్త రూలు పెట్టింది. గేజి లేని బాయిలర్లు ఇకమీదట మన పట్టాలెక్కకూడదు."

"పేలింది గేజి ఉన్నది కదండీ?"

"అది తయారీలో లోపం కదా" అన్నాడు పళ్ళ డాక్టరు, ఎటో చూస్తూ.

బాబాయి అట్టపెట్టె పట్టుకుని తిరిగి వచ్చాడు. భార్య ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. రెండు రోజుల తర్వాత పొద్దున, తొమ్మిదేళ్ళకి, బావమరిది ఆ ఇంటి మెట్లెక్కాడు. డాబా మీద పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు. చూపున్న కన్ను ఇటు ఉండేలా తల వాల్చుకుని, తిరుగుతున్న ఇంజనును చూశాడు.

బాబాయి పట్టలేని సంబరంతో అంతా చెప్పాడు. పార్కు సంగతి, ఖాళీ గాజు సంగతి, తువ్వాలు సంగతి. "మొహం మీదే అడిగానురా, కాయితం రాసి సంతకం పెట్టమని. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు" అన్నాడు.

బావమరిది ఇంజను ఒక చుట్టు పూర్తి చేసేదాకా ఆగాడు.

"బావా, నేను కళ్ళకి కట్టుతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరెవరో వచ్చి అడిగేవాళ్ళు, ఏం జరిగిందని. మా బావ చెప్తాడు, ఐదుసార్లు బుక్కులో రాశాడు, రాస్తుంటే పక్కనే నిలబడి చూశాను, ఆయన్నే అడగండి అనేవాణ్ణి. అందరికీ అదే చెప్పాను. నర్సులకి కూడా."

బాబాయి నోరు తెరిచాడు.

"నువ్వు గేజి చూడలేదని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు బావా. నువ్వు చూశావు. చూసి, చూడలేదని రాసిచ్చావు."

"ఆడపిల్ల చదువు మధ్యలో ఉందిరా అప్పుడు..."

"దాని మీదకి నెట్టకండి" అంది భార్య, తీగ మీది బట్టలు తీస్తూ. గట్టిగా అనలేదు.

మంట ఆరిపోయి ఇంజను ఆగింది. బావమరిది లేచి, అక్క ఇచ్చిన టీ నిలబడే తాగి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంజను మూడు వారాలు పెట్టెలోనే ఉంది. బాబాయి ముందు గదిలో కుక్కర్లు పక్కన పెట్టి, తెల్లకాగితాల మీద రాశాడు. ఏ తారీఖున బుక్కులో ఏం రాశాడో, చీఫ్ ఇంజనీరు ఏమన్నాడో, గేజి ఎలా మోసం చేసిందో, కబుర్లు చెప్పుకోలేదని, ఆ గురువారం బావమరిది తను చెప్పిన పనే చేస్తున్నాడని, భయపడి అబద్ధం మీద సంతకం పెట్టానని. నాలుగు పేజీలయింది. భార్యకి చదివి వినిపించాడు. రెండుచోట్ల ఆమె ఆపి, "అలా కాదు, ఉన్నదున్నట్టు రాయండి" అంది. దిద్ది మళ్ళీ రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఈసారి చెయ్యి వణికింది.

బావమరిది ఒక పెద్ద దుకాణం ముందు బండ్ల పార్కింగ్ దగ్గర చీటీలు చింపి ఇచ్చే పని చేస్తున్నాడు. బాబాయి వెళ్ళి కాగితాలు చేతికిచ్చాడు. ఎవరికి చూపించినా సరే, అవసరమైతే తను వచ్చి చెబుతానన్నాడు.

"ఆ ఫ్యాక్టరీ మూసేసి మూడేళ్ళయింది బావా" అన్నాడు బావమరిది. "ఎవరికి చూపించను?"

కాగితాలు చదవకుండానే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెనక స్కూటరు హారన్ కొట్టింది. బాబాయి పక్కకి జరిగి దారిచ్చాడు.